చెంచామూతి పిట్టకు బురదే దిక్కు

రష్యా తూర్పు కొసన చుకోత్కా తీరంలో మంచు కరగగానే చెంచామూతి ఉల్లంకి నాలుగు గుడ్లు పెడుతుంది. తూగితే 30 గ్రాములు. ముక్కు చివర చెంచాలా వెడల్పు. గుడ్డులోంచి బయటపడే పిల్లకు కూడా ఆ బుల్లి చెంచా ఉంటుంది. ఒళ్లు ఆరిన కొన్ని గంటలకే అది తన తిండి తానే ఏరుకుంటుంది. తల్లి ముందే దక్షిణానికి వెళ్లిపోతే, పిల్లలకు కాపలా కాసేది తండ్రే.

1970లలో 2 వేల జంటలకు పైగా ఉన్నాయని అంచనా. ఇప్పుడు గుడ్లు పెట్టే వయసు పిట్టలు 500 లోపే. 2012 నుంచి కొన్నేళ్లపాటు మేనిపిల్గినో గ్రామం దగ్గర గుడ్లను తెచ్చి, పొదిగించి, పిల్లలు ఎగరగలిగాక వదిలారు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఎగిరిన పిల్ల ఎక్కడ దిగాలి?

దాని దారి 8 వేల కిలోమీటర్లు. మయన్మార్, బంగ్లాదేశ్ తీరాలకు చేరాలంటే మధ్యలో పసుపు సముద్రపు బురదలో ఆగి ఒళ్లు చేసుకోవాలి. 50 ఏళ్లలో ఆ బురదనేలలు సగానికి పైగా పోయాయి. దక్షిణ కొరియాలో సెమాన్‌గుమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడలో చివరి ఖాళీని 2006లో మూసేశారు. దాంతో వేలాది పిట్టలు మేసే నేలకు ఆటుపోట్లు అందకుండా పోయాయి.

మయన్మార్‌లోని మొత్తమా తీరంలో వలలేసి పిట్టల్ని పట్టినవాళ్లు నిరుపేదలు. వాళ్లకు చేపల వలలు, పడవలు, వేరే బతుకుతెరువు చూపిస్తే వేట తగ్గింది. పేదవాడు పిట్టల వల వదిలేశాడు. గోడలు కట్టే ప్రభుత్వాలు కూడా అంత త్యాగం చేయాలని అడగడం అన్యాయమేమీ కాదు.

ప్రభుత్వాలు అది చేయగలవని చైనాలోని తియావోజిని తీరం చూపించింది. అక్కడ సముద్రాన్ని పూడ్చే పని ఆపారు. ఆ తీరానికి 2019లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మరుసటి ఏడు 48 హెక్టార్ల చేపల చెరువులను పోటు వేళ పిట్టలు నిలబడే విడిదిగా మార్చారు. పోటు వచ్చిందంటే బురదంతా నీళ్ల కింద ఉంటుంది. నీళ్లు తగ్గేదాకా పిట్ట ఎక్కడో ఒకచోట నిలబడాలి. మెట్ట దొరక్కపోతే గాల్లోనే తిరుగుతూ, తిన్నదంతా రెక్కలకే ఖర్చు పెట్టేస్తుంది. పర్యావరణ నివేదికల్లో చాలావాటికి ఈ సంగతి పట్టదు. మేత నేలను కొలుస్తారు, విడిది నేలను మర్చిపోతారు.

కాకినాడ, కోరింగ పక్క బురద మీద కూడా చలికాలంలో దీని దగ్గరి చుట్టాలు, వలస ఉల్లంకులు, దిగుతాయి. పోటు వేళ అవి ఎక్కడ నిలుస్తున్నాయో అటవీశాఖ ముందు మ్యాపులో గుర్తించాలి. ఆ తర్వాతే అక్కడ కొత్త గట్టుకో రోడ్డుకో అనుమతి ఇవ్వాలి.