సద్దు చేయని పరమాణువులు

అణు రియాక్టరును ఆపివేసిన నాటితో దాని కథ ముగియదు. ఇంగ్లండులోని కాల్డర్ హాల్ అణువిద్యుత్కేంద్రం 1956లో ప్రారంభమై 2003లో మూతపడింది. 2019 నాటికి అక్కడి నాలుగు రియాక్టర్ల నుండి ఇంధనాన్ని తొలగించారు. కాని న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించేందుకు పేర్చిన గ్రాఫైటు దిమ్మెలు లోపలే ఉన్నాయి. ఒక్కొక్క రియాక్టరులో అవి వెయ్యి టన్నులకు పైమాటే. దశాబ్దాల తరబడి న్యూట్రాన్ల తాకిడికి గురై ఆ దిమ్మెలు కూడా రేడియోధార్మికమైనాయి. వాటిని ఎక్కడ, ఎంత లోతున పాతిపెట్టాలో నిర్ణయించాలంటే, వాటిలో ఏమేమి ఉన్నాయో ముందు తెలియాలి.

రేడియోధార్మికత అనగానే టకటకమని చప్పుడు చేసే గైగర్ మీటరు గుర్తుకు వస్తుంది. చప్పుడు తగ్గితే ప్రమాదం తీరినట్లేనని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. మీటరు పరమాణువులను లెక్కించదు. విచ్ఛిన్నమయ్యే పరమాణువుల నుండి వెలువడే కిరణాలను మాత్రమే పసిగడుతుంది. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. పది లక్షల కోబాల్ట్-60 పరమాణువులుంటే ఒక్క ఏడాదిలో లక్షా ఇరవై వేలకు పైగా విచ్ఛిన్నమవుతాయి. క్లోరిన్-36 అర్ధాయువు సుమారు 3,01,000 సంవత్సరాలు. పది లక్షలలో ఏడాదికి విచ్ఛిన్నమయ్యేవి రెండో మూడో! యాభై ఏళ్లు గడిస్తే కోబాల్ట్-60 ఏడువందలవ వంతుకు పడిపోతుంది. క్లోరిన్-36 మాత్రం ఇంచుమించు ఉన్నంతా ఉంటుంది.

గ్రాఫైటులో క్లోరిన్ లేశమాత్రమే. అయినా దానిని ఉపేక్షించరాదు. క్లోరైడు నీటిలో సులభంగా కరుగుతుంది. మట్టిని అంటిపెట్టుకోకుండా భూగర్భజలంతో సాగిపోతుంది.

ఇటువంటి పరమాణువులు విచ్ఛిన్నమయ్యేదాకా ఎదురుచూడక, ఉన్నవాటిని ఉన్నట్లే లెక్కించే సాధనం మాస్ స్పెక్ట్రోమీటరు. పరమాణువులకు విద్యుదావేశమిచ్చి, వేగంతో అయస్కాంత క్షేత్రం గుండా పంపితే తేలికవి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగుతాయి. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ ఇటువంటి పరికరాన్ని నిర్మించాడు. మామూలు క్లోరిన్‌లో 35, 37 ద్రవ్యరాశులు గల రెండు రకాలున్నాయని దానితోనే తేల్చాడు. 1922లో నోబెల్ బహుమతి పొందాడు.

అయితే గంధకంలోనూ 36 ద్రవ్యరాశి గల రకమొకటి ఉంది. సమానమైన బరువుగల రెండు మూటలను త్రాసు వేరుచేయలేదు కదా! అందుచేత ముందుగా రసాయనిక పద్ధతుల ద్వారా గంధకాన్ని తొలగిస్తారు. ఆపైన లక్షల వోల్టులతో పరమాణువులను వేగవంతం చేసి, మిగిలిన గంధకాన్ని గుర్తించి లెక్కనుండి తీసివేస్తారు. ఓపిక, ఖర్చు రెండూ కావలసిన పని ఇది.

అంత శ్రమ ఎందుకు, గణితంతో అంచనా వేస్తే చాలదా అని వాదించేవారున్నారు. గణితం అవసరమే. కాని తయారైననాడు గ్రాఫైటులో క్లోరిన్ ఎంత ఉన్నదో సరిగా తెలియకపోతే గణితమూ తప్పుతుంది. మరోవైపు, రేడియోధార్మిక పరమాణువు పేరు వింటేనే బెదిరిపోయేవారూ ఉన్నారు. పరమాణువుల సంఖ్యే ప్రమాదానికి కొలత కాదు. నెమ్మదిగా విచ్ఛిన్నమయ్యేది ఒక్కసారిగా వెదజల్లే కిరణాలు తక్కువే. ఈ ఇరువురికీ సమాధానం చెప్పగలిగేది నిజమైన కొలత ఒక్కటే. అదైనా ఒక దిమ్మె నుండి తీసిన ముక్కతో సరిపోదు. న్యూట్రాన్ల తాకిడి నడుమ ఒక తీరుగా, అంచుల వద్ద మరొక తీరుగా ఉంటుంది. కనుక నమూనాలను పలుచోట్ల నుండి తీయాలి, దిమ్మెలను కదిలించకముందే తీయాలి.