సహచర పాత్రలకి కాదనే హక్కు లేదా?

"ఏమ్మా, ఇంత చదువుకుని చివరికి బొమ్మల ప్రేమల మీద పేపరు రాశావా?" అన్నారు ఒక పెద్దావిడ, సదస్సు మధ్య టీ విరామంలో. ఆవిడంటే నాకు గౌరవం. స్త్రీవాదం అన్న మాట వింటేనే మొహం చిట్లించుకునే రోజుల్లో నిలబడి మాట్లాడిన మనిషి. అందుకే నవ్వి ఊరుకున్నాను. అదే రోజు సాయంత్రం ఒక ఎం.ఏ. విద్యార్థి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఆ ప్రేమ సీన్లన్నీ మేం స్కిప్ చేసేస్తాం. అవి ఆడపిల్లల కోసం పెడతారు" అన్నాడు. ఇంటికి వెళ్తూ బస్సులో ఈ రెండు మాటల గురించే ఆలోచించాను. ఒకరు స్త్రీవాదం వైపు నుంచి, మరొకరు మగతనం వైపు నుంచి పక్కకి నెట్టేసింది ఒకే వస్తువుని. నాకు ఆ ఇద్దరితోనూ పేచీ ఉంది.

ఈ ఆటలు ఆడనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో మనం ముందుగా ఒక పాత్రని తయారుచేసుకుంటాం. ఆడా మగా, ఏ జాతి, ఏ విద్య వచ్చు అన్నవన్నీ మన ఇష్టం. కథ నడిచేకొద్దీ దారిలో కొందరు మనతో చేరతారు. వాళ్ళే సహచర పాత్రలు. మనతో కలిసి యుద్ధం చేస్తారు, రాత్రి విడిదిలో మంట దగ్గర కూచుని తమ గతం చెప్పుకుంటారు. జవాబుగా మనం అనగలిగిన మాటలు నాలుగైదు తెర మీద కనిపిస్తాయి. మనం ఎంచుకున్నదాన్ని బట్టి ఆ బంధం స్నేహమో, విరోధమో, ప్రేమో అవుతుంది. అరవై డెబ్బై గంటలు సాగే ఈ కథల్లో జనానికి ఏళ్ళ తరబడి గుర్తుండేవి చాలాసార్లు యుద్ధాలు కావు, ఈ మనుషులే.

ఈ ప్రేమలన్నిటినీ వెనకేసుకు రావడానికి నేనిది రాయడం లేదు. నా ఫిర్యాదు ఇంకొకటి. ఆటలో ప్రేమ ఉండటం తప్పు కాదు. ఆ ప్రేమలో అవతలి మనిషికి "నువ్వు నాకు వద్దు" అనే నోరు లేకపోవడం తప్పు. ప్రేమని చిల్లర విషయంగా కొట్టిపారేసేవాళ్ళు ఈ తప్పుని చూడను కూడా చూడరు.

2000లో కెనడాకి చెందిన బయోవేర్ సంస్థ బాల్డర్స్ గేట్ రెండో భాగం విడుదల చేసింది. సహచరులతో ప్రేమకథకి ఒక నమూనా ఏర్పరచిన ఆటల్లో అదొకటి. అందులో మగపాత్రగా ఆడేవారికి ముగ్గురు స్త్రీలు. ఏరీ అనే అమ్మాయికి రెక్కలు ఉండేవి, బానిసల వ్యాపారులు పట్టి అమ్మితే సర్కస్ బోనులో పడి వాటిని పోగొట్టుకుంది. జహీరా భర్త శవం ఆట మొదట్లోనే నేలమాళిగలో కనబడుతుంది. వికోనియాని నడివీధిలో కట్టేసి తగలబెట్టబోతుంటే మనం విడిపించాలి. ఒకరికి అంగం పోయింది, ఒకరికి భర్త పోయాడు, ఒకరికి ప్రాణం పోబోయింది. నాయకుడు వచ్చి ఓదార్చాలంటే స్త్రీకి ముందు గాయం కావాలి. ఇది మనకి కొత్త కథా? సరే, మరి ఆడపాత్రగా ఆడేవారికి ఎందరు? ఒక్కడు. అనోమెన్. వీరుడిగా గుర్తింపు కోసం తహతహలాడుతూ తన ఘనకార్యాలు తానే చెప్పుకునే యువకుడు. వాడి కోపాన్ని చల్లార్చి, వాణ్ణి మంచి మనిషిగా తీర్చిదిద్దే పని మనది. మగవాడికేమో ఓదార్చే సుఖం, ఆడదానికేమో సంస్కరించే చాకిరీ. ఆడవాళ్ళు ఆడరులే అనుకుని అలా చేశారేమో తెలియదు గానీ, ముగ్గురికి ఒకరు అన్న లెక్క మాత్రం చూసినవాళ్ళకి కనబడుతుంది.

అదే సంస్థ 2009లో డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ తెచ్చింది. అందులో ప్రతి సహచరుడికీ ఒక కొలత ఉంటుంది. మన పట్ల వాళ్ళ ఇష్టాన్ని మైనస్ వంద నుంచి ప్లస్ వంద దాకా అంకెల్లో చూపిస్తారు. మంచి మాట చెబితే పెరుగుతుంది, వాళ్ళకి గిట్టని పని చేస్తే తగ్గుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ కానుకలిచ్చినా పెరుగుతుంది! ఒక ఊళ్ళో మోరిగన్‌కి నచ్చని పని చేసి, విడిదికి వచ్చి ఆమె చేతిలో రెండు నగలు పెడితే లెక్క సరిపోతుంది. భార్య మీద చెయ్యి చేసుకుని మర్నాడు చీర కొనుక్కొచ్చే మొగుళ్ళని ఎరిగున్న మనకి ఈ గణితం వేరే వివరించాలా?

అలాగని ఆ ఆట రాసినవాళ్ళకి తెలివి లేదనలేను. అదే మోరిగన్‌కి ఒక బంగారు అద్దం ఇవ్వొచ్చు. చిన్నప్పుడు అడవి దాటి వెళ్ళి, ఒక గొప్పింటి స్త్రీ దగ్గర అలాంటి అద్దాన్నే దొంగిలించి తెచ్చుకుంటే, తల్లి దాన్ని ముక్కలు చేసిందని ఆమె ముందే చెప్పి ఉంటుంది. ఆ మాట చెవిన వేసుకున్నవారికే ఆ కానుక అర్థమవుతుంది. అద్దం చూసి ఆమె తడబడుతుంది, ఇలా ఏమీ ఆశించకుండా ఇచ్చేవాళ్ళు ఉంటారా అని అనుమానపడుతుంది. ఆ సన్నివేశం రాసిన చేతికి మనుషులు తెలుసు. అయితే అంకెల దగ్గరికి వచ్చేసరికి అద్దానికీ నగకీ పాయింట్లలోనే తేడా.

ఇదే ఆటలో నన్ను నిద్రపోనివ్వని భాగం ఇంకోటి ఉంది. నగరంలో పుట్టిన ఎల్ఫ్ స్త్రీగా ఆట మొదలుపెట్టొచ్చు. ఎల్ఫులు నగరం లోపలే గోడ కట్టి వేరు చేసిన పేటలో బతుకుతారు. మన భాషలో దానికి తయారుగా ఒక మాట ఉంది: వెలివాడ. ఆమె పెళ్ళి రోజున ప్రభువు కొడుకు తన మనుషులతో వచ్చి పెళ్ళికూతుళ్ళని ఎత్తుకుపోతాడు. రక్షించడానికి వచ్చిన పెళ్ళికొడుకు చచ్చిపోతాడు. ఆమె కత్తి పట్టుకుని తన దారి తాను చూసుకుంటుంది. తర్వాత ఆలిస్టర్ అనే సహచరుణ్ణి ప్రేమిస్తుంది. మంచివాడు, హాస్యం తెలిసినవాడు, రాజుకి అక్రమంగా పుట్టినవాడు. కథ చివరికి వచ్చేసరికి అతనికి సింహాసనం ఎక్కే అవకాశం వస్తుంది. మానవుల్లో కులీన కుటుంబపు స్త్రీకైతే అతని పక్కన రాణి అయ్యే దారి ఉంది. వెలివాడ స్త్రీకి లేదు. ఆలిస్టర్ ఆమెని వదులుకుంటాడు, లేదా అతని మనసు అప్పటికే రాటుదేలి ఉంటే చాటుగా ఉంచుకుంటాడు. ఇంట్లోకి రానివ్వకుండా "ఉంచుకోవడం" అన్న మాటని దళిత స్త్రీల కథల్లో ఎన్నిసార్లు చదివాం! కెనడాలో కూచుని రాసినవాళ్ళకి మన కులం గురించి తెలిసి రాశారని నేననను. పుట్టుకని బట్టి ప్రేమకి హద్దు గీసే సమాజాన్ని ఎక్కడ గీసినా ఆ బొమ్మ ఇలాగే వస్తుంది. ఈ భాగాన్ని "బొమ్మల ప్రేమ" అనే పెద్దలు ఒక్కసారి ఆడి చూడాలి.

అయినా నా ఫిర్యాదు అక్కడా తీరలేదు. ఆ "వద్దు" రాజ్యం తరఫున వచ్చింది. మనిషి తన కోరికని బట్టి చెప్పింది కాదు. విశ్వాసాల విషయంలోనైతే ఈ సహచరులకి నోరుంది. పవిత్రమైన చితాభస్మాన్ని మైలపరిస్తే లెలియానా మన మీదే తిరగబడగలదు. మతానికి ఉన్న పౌరుషం శరీరానికి ఎందుకు ఉండకూడదు?

2011లో వచ్చిన రెండో డ్రాగన్ ఏజ్‌లో నలుగురు సహచరులు, ఆడేది ఆడపాత్రయినా మగపాత్రయినా ప్రేమకి సిద్ధంగా ఉంటారు. దాని మీద ఒక మగ ఆటగాడు ఫిర్యాదు చేశాడు, ఆడవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళే అసలు కొనుగోలుదారులు కదా, మమ్మల్ని నిర్లక్ష్యం చేశారని. ప్రధాన రచయిత డేవిడ్ గైడర్ వెనక్కి తగ్గలేదు. ఈ ప్రేమలు అందరివీ, ఎక్కువమంది ఉన్నంత మాత్రాన ఎక్కువ హక్కు రాదు అన్న అర్థంలో జవాబిచ్చాడు. నేను ఆ జవాబు పక్షమే. కానీ అందరికీ అందుబాటు అంటే, ఎవరికీ తనదంటూ ఒక మొగ్గు లేదనే కదా. 2014లో వచ్చిన మూడో ఆట నాకు అందుకే ఎక్కువ నచ్చింది. అందులో డోరియన్ మగవాళ్ళనే ప్రేమిస్తాడు. అతన్ని మార్చాలని కన్నతండ్రే రక్తమంత్రం వాడబోయాడు, దాంతో ఇల్లు వదిలి వచ్చాడు. ఆడపాత్రగా వెళ్ళి ఎన్ని సరసాలాడినా అతను రాడు. అలాగే కసాండ్రా అనే యోధురాలు, ఆడపాత్ర చొరవ చేస్తే నొప్పించకుండా కాదంటుంది. ఎన్ని పాయింట్లు పోగేసినా ఆ జవాబు మారదు. దీనికి కొందరు ఆడవాళ్ళు కూడా విసుక్కున్నారు, డబ్బు పెట్టి కొన్న ఆటలో ఈ నిషేధమేమిటని. నా మటుకు నాకు అక్కడే వాళ్ళు మనుషుల్లా కనిపించారు.

కసాండ్రా గురించి ఇంకో మాట. కత్తి తప్ప మరో లోకం తెలియనట్టుండే ఆ మనిషి దొంగచాటుగా ప్రేమ నవలలు చదువుతుంది! మనం చూసేసరికి సిగ్గుతో చచ్చిపోతుంది. ఆ నవలల రచయిత మన గుంపులోనే ఉంటాడు, తరువాయి భాగం రాయించి ఆమెకి ఇప్పించవచ్చు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. యద్దనపూడి నవలని పప్పుల డబ్బా వెనక పెట్టుకుని, ఎవరైనా వస్తే చెంగు కప్పేది. ఆ నవలలని మన విమర్శకులు ఎంతగా ఎద్దేవా చేశారో, అందులో మనలాంటి స్త్రీవాదుల వాటా ఎంతో మీకు తెలుసు. 1984లో జానిస్ రాడ్వే అమెరికాలో ప్రేమ నవలలు చదివే గృహిణులతో మాట్లాడి పుస్తకం రాసింది. ఆ చదువు వాళ్ళకి ఇంటి చాకిరీ మధ్య తమకంటూ చిక్కించుకున్న సమయమని అందులో చూపించింది. ఆ పుస్తకాన్ని క్లాసుల్లో పాఠం చెబుతాం. ఆటల దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం.

ఇక "స్కిప్ చేసేస్తాం" అన్న కుర్రాడి సంగతి. బయోవేర్‌లో జెన్నిఫర్ హెప్లర్ అనే రచయిత్రి ఉండేది. 2006లో ఒక ఇంటర్వ్యూలో ఆమె, మాటలు దాటేయడానికి మీట ఉన్నప్పుడు యుద్ధాలు దాటేయడానికి కూడా ఒకటి ఉంటే బాగుండునని అంది. వంట చెయ్యాలి, పిల్లల హోంవర్కు చూడాలి, అలాంటి ఆడదానికి ఆట వంద గంటలు సాగనక్కరలేదని కూడా అంది. ఎంత మామూలు మాట! 2012లో ఆ పాత ఇంటర్వ్యూని తవ్వి తీసి ఆమె మీద పడ్డారు. ఆట నాశనం కావడానికి ఆమే కారణమన్నారు, ఒంటి గురించి బూతులు రాశారు, బెదిరించారు. మరుసటి ఏడాది ఆమె ఆ సంస్థ నుంచి బయటికి వచ్చేసింది. కారణం ఇదేనని నేను తీర్పు చెప్పను. నాకు అర్థం కానిదల్లా ఒకటే. మాటలు దాటేసే మీట ఎన్నో ఆటల్లో ఉంది, దాని మీద ఎవరూ గొడవ చెయ్యలేదు. మనుషులు మాట్లాడుకోవడం ఐచ్ఛికం, చంపుకోవడం తప్పనిసరి. ఎవరు నిర్ణయించారు?

ఇంత చెప్పాక నా సంగతి దాచడం న్యాయం కాదు. 2023లో బెల్జియం సంస్థ లారియన్ తెచ్చిన బాల్డర్స్ గేట్ మూడో భాగంలో ఆస్టారియన్ అనే సహచరుడున్నాడు. రెండు వందల ఏళ్ళు ఒక రక్తపిశాచి యజమానికి బానిస. అందాన్ని ఎరగా వేసి మనుషుల్ని యజమాని దగ్గరికి తేవడం అతని పని. తన శరీరం తనది కాదన్నమాట. మనతో కూడా మొదట అదే విద్య ప్రదర్శిస్తాడు, నవ్వుతూ. కథ మధ్యలో రక్తం వ్యాపారం చేసే ఒకామె, తనని అతను కొరకాలని అడుగుతుంది. బదులుగా మనకి ఒక మందు ఇస్తుంది. అది తాగితే బలం రెండు పాయింట్లు శాశ్వతంగా పెరుగుతుంది. అతను వద్దంటాడు. అప్పుడు తెర మీద మనకి మాటలు వస్తాయి. అతని ఇష్టం అని వదిలేయొచ్చు, నచ్చజెప్పి ఒప్పించవచ్చు.

మొదటిసారి నేను ఒప్పించాను.

రెండు పాయింట్లు చూశాను, అతన్ని చూడలేదు. ఆడవాళ్ళ సమ్మతి గురించి ఇన్నేళ్ళు క్లాసులో మాట్లాడిన నేను, "నాకోసం ఒక్కసారి" అనే అర్థం వచ్చే వాక్యాన్ని వేలితో నొక్కాను. అతను చేశాడు. అసహ్యంతో తిరిగొచ్చాడు. మందు నా సంచిలో పడింది. రాత్రి నిద్ర పట్టక లేచి, పాత సేవ్ ఫైలు తెరిచి ఆ సన్నివేశం మళ్ళీ ఆడాను. ఈసారి వదిలేశాను. తర్వాత అతను నా దగ్గరికి వచ్చి, ఒత్తిడి చెయ్యనందుకు కృతజ్ఞత చెప్పాడు. మొదట్లో నిన్ను వలలో వేసుకున్నది నా రక్షణ కోసమే, నాకు తెలిసిన దారి అదొక్కటే అని ఒప్పుకున్నాడు. నేనతని చెయ్యి పట్టుకోవడం తప్ప ఆ రాత్రి ఇంకేమీ జరగలేదు. ఈ ఆటల్లో అంత మంచి ప్రేమ సన్నివేశం నేను ఇంకొకటి చూడలేదు.

అయితే ఆ కృతజ్ఞతకి నేను అర్హురాలినా? అతనికి మొదటిసారి జరిగింది గుర్తు లేదు. ఆట దాన్ని చెరిపేసింది. జరిగిందాన్ని జరగనట్టు చేసుకునే అధికారం కూడా ఆడేవాళ్ళ చేతిలోనే ఉంది, సహచరుడి చేతిలో లేదు. రాసినవాళ్ళు అతనికి వద్దనే నోరిచ్చారు గానీ, ఆ మాట మీద నిలబడే శక్తి మళ్ళీ నా దయ మీదే ఆధారపడింది. గట్టిగా అడిగితే ఒప్పుకోకుండా, మందూ గిందూ పోనీ అని వెళ్ళిపోయే సహచరుణ్ణి రాసి ఉంటే ఆట చెడిపోయేదా?

ఆ టీ విరామంలో నన్ను వెక్కిరించిన పెద్దావిడకి ఈ సంగతి మొన్న ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ మందు ఏం చేశావు?" అని అడిగారు. ఆ మొదటి సేవ్ ఫైలులో ఇంకా సంచిలోనే ఉంది. తాగలేదు, తుడిచెయ్యనూ లేదు.