ఇంటి వైద్యం: పసుపు డబ్బా ఎంతవరకు?

బిలోలిలో మన ఇంటికి వచ్చే పసుపు కొమ్ము అటు వసమత్‌ది కావచ్చు, ఇటు నిజామాబాద్‌ది కావచ్చు. పొరుగింట 'హళద్' అన్నా, మన ఇంట 'పసుపు' అన్నా, పిల్లలు ఒళ్ళు గోక్కుంటుంటే పెద్దల చేయి ముందు వెళ్ళేది ఆ డబ్బా మీదికే. ఈ అలవాటులో నిజమెంత?

పసుపుకు రంగునిచ్చే పదార్థం కర్కుమిన్. దీన్ని 1815లో వేరుచేశారు. చర్మాన్ని ఎర్రబరచి, వాపు, మంట పుట్టించే రసాయనాలను ఇది అణచగలదని ప్రయోగశాలల్లో తేలింది. కాని ఇది నీటిలో సరిగా కరగదు, చర్మంలోకి బాగా ఇంకదు.

గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటు, మన సి.ఎస్.ఐ.ఆర్. పోరాడగా 1997లో రద్దయింది. ఈ వాడకం మనకు ముందే తెలుసునని రుజువైంది. అంతేగాని, పసుపు అన్ని చర్మవ్యాధులకూ మందని తేలలేదు.

కనుక ముందు జబ్బేదో తెలియాలి. గజ్జికి కారణం అతి చిన్న పురుగు. వేపాకు, పసుపు కలిపిన ముద్దతో 814 మందిలో నూటికి 97 మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందని 1992లో ఒక పరిశీలన వెలువడింది. అది తొలి పరిశీలన మాత్రమే. డాక్టరు ఇచ్చే పర్మెత్రిన్ మందును ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడటమే నమ్మకమైన దారి.

తామర ఫంగస్ వల్ల వస్తుంది. మంట తగ్గినంత మాత్రాన అది పోదు. షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను ఆపుతాయి, తామరను మాత్రం లోలోపల పెంచుతాయి.

ఎగ్జిమాలో అసలు బాధ వాపూ మంటలే. కర్కుమిన్ వంటి వాటిపై ఆశ ఉన్నది ఇక్కడే. అయినా చిట్లిన చర్మానికి పచ్చి పసుపు పూస్తే మంట ఎక్కువ కావచ్చు. పసుపు పడనివారూ ఉన్నారు.

ఇక్కడి డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. మరాఠీ 'గజకర్ణ' అంటే మన గజ్జి కాదు, తామర. గజ్జిని 'ఖరూజ్' అనీ, ఎగ్జిమాను 'ఇసబ్' అనీ అంటారు. మాట మారితే మందు మారిపోతుంది!

పూసేముందు కొద్దిగా మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి. రంగు కలిపిన పొడి కాక, ఇంట్లో దంచిన కొమ్ము వాడండి. రసి కారుతున్నా, జ్వరం వచ్చినా, మచ్చ పాకుతున్నా డబ్బా పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.