ఇంటి పట్టా చాలదు, ఊళ్లో ఇల్లు కావాలి

“ఆయనేం చేస్తారండి?”

భీమవరంలో అద్దె ఇల్లు వెతుక్కునే స్త్రీని ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది. అద్దె ఎంత ఇచ్చుకోగలరన్నది ఆ తర్వాతి మాట. మా సంఘంలో పనిచేసే ఒకామె ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. జీతం నెలకు పదహారు వేలు. పదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వేసవి సెలవుల్లో పద్నాలుగు ఇళ్లు చూసింది. భర్త నుంచి విడిగా ఉంటున్నానని చెప్పిన చోట “మా బంధువులెవరో వస్తున్నారమ్మా, ఇల్లు ఇవ్వడం లేదు” అన్నారు. ఆ మాట ఎత్తని చోట అద్దె అందలేదు. చివరికి ఉండి రోడ్డులో ఒక డాబా వెనక రెండు గదుల వాటా దొరికింది. అదీ “మా తమ్ముడు దుబాయిలో ఉన్నాడండి, నెలనెలా డబ్బు పంపిస్తాడు” అని అబద్ధం చెప్పాక! ఆమెకు తమ్ముడే లేడు. తన సంపాదనతో తన అద్దె కట్టుకునే మనిషి, లేని మగవాణ్ణి ఒకణ్ణి పుట్టించుకుంటే తప్ప ఆమెకు ఊళ్లో నీడ దొరకలేదు.

మరి ప్రభుత్వ ఇల్లు? మన ప్రభుత్వాలన్నీ ఆడవాళ్ల పేరుమీదే ఇళ్లు ఇస్తున్నామని చెప్పుకుంటున్నాయి కదా. ఆమె ఆ గుమ్మమూ తొక్కింది. సెంటు స్థలానికి రేషన్ కార్డు ఉండాలన్నారు. నిబంధన ప్రకారం పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటితే బియ్యం కార్డు రాదు. అంటే పదహారు వేల జీతగత్తె “ఉన్నవాళ్ల” కిందికి పోయింది. టిడ్కో ఫ్లాటుకు ఏడాదికి 3 లక్షల వరకు ఆదాయం ఉండొచ్చు, కాని కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు. ఆమె భర్త పేరున డాబా ఉంది. ఆ డాబాలోంచే ఆమెను గెంటేశారు. విడాకుల కాగితం చేతికి రాలేదు కాబట్టి ప్రభుత్వం లెక్కలో ఆమె ఇప్పటికీ సొంత ఇల్లున్న ఇల్లాలే!

ఇది ఒక్కరి కథ అయితే ఇక్కడ రాసే పని లేదు. నర్సులు, ప్రైవేటు టీచర్లు, బట్టల కొట్లలో సేల్స్ గర్ల్స్, రొయ్యల మేత కంపెనీల్లో అకౌంట్లు రాసే అమ్మాయిలు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగినులు, చిన్న గుమాస్తాల భార్యలు అందరూ ఈ సందులోనే ఇరుక్కుని ఉన్నారు. పేదల ఇంటికి పైన, బ్యాంకు అప్పుకు కింద.

భీమవరంలో స్థలం ఎందుకంత ప్రియం?

ఇది హైదరాబాదు కాదు, విశాఖపట్నమూ కాదు. 2011 జనాభా లెక్కల నాటికి లక్షా నలభై వేల పైచిలుకు మనుషులున్న డెల్టా పట్నం. అయినా స్థలం ధర పెద్ద నగరాలతో పోటీ పడుతోంది. దీనికి కారణాలు అందరికీ తెలిసినవే. చుట్టూ వరిచేలు రొయ్యల, చేపల చెరువులయ్యాయి. చెరువు మీద వచ్చిన లాభం బ్యాంకులో కూర్చోదు, ఊళ్లో స్థలమై కూర్చుంటుంది. అమెరికా నుంచి వచ్చే డబ్బూ అక్కడికే చేరుతుంది. ఇంజనీరింగు కాలేజీలు, ఆసుపత్రులు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న భీమవరం పశ్చిమగోదావరి జిల్లాకు కేంద్రం కావడంతో ఆఫీసులు, ఉద్యోగులు, వాళ్లకు కావలసిన అద్దె ఇళ్లు తోడయ్యాయి. ఇక నేల చూస్తే పల్లం. యనమదుర్రు డ్రెయిను పొంగితే నీళ్లు నిలిచే నేల. పునాది తీసే ముందు లారీలకు లారీలు మెరక తోలించుకోవాలి. ఇల్లు లేవక ముందే సగం ప్రాణం మట్టి కిందికి పోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. దాని గురించి మన పెద్దమనుషులు మాట్లాడరు. ఈ డెల్టాలో స్థలం కట్నం. ఒకప్పుడు పసుపు కుంకుమల కింద అరెకరమో ఎకరమో పొలం రాసేవారు. ఇప్పుడు పెళ్లి మాటల్లో ఊళ్లో సైటో ఫ్లాటో రాస్తారా అని అడుగుతున్నారు. స్థలం ధర పెరిగిన ప్రతిసారీ ఆడపిల్ల తండ్రి అప్పూ పెరుగుతుంది. అమ్మాయి పేరున రిజిస్టరైన సైటు ఎవరి వ్యాపారానికి అమ్ముడుపోతుందో ఆ అమ్మాయికే తెలియదు. ఇంటి ధర స్త్రీల సమస్య కాదనేవాళ్లు ఒక్క పెళ్లి మాటల దగ్గర కూర్చుని వింటే చాలు.

అప్పు చేసి కొనుక్కోమంటారు. లెక్క చూద్దాం. 25 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 22,500 రూపాయలు కట్టాలి. మొత్తం చెల్లించేది 54 లక్షల దాకా అవుతుంది. మన టీచరు జీతం మొత్తం వాయిదాకు పోసినా ఇంకా ఆరున్నర వేలు తక్కువ. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశ ఏడాదికి 9 లక్షల ఆదాయం వరకు మధ్యతరగతికి వడ్డీ రాయితీ ఇస్తానంటోంది. గరిష్ఠంగా 1.80 లక్షలు. అప్పు పుట్టినవాళ్లకే రాయితీ. బ్యాంకువాళ్లు మొదట అడిగేది జీతం స్లిప్పు. సగం జీతం చేతికి నగదుగా ఇచ్చే ప్రైవేటు యాజమాన్యాల దగ్గర పనిచేసే స్త్రీ ఏ స్లిప్పు చూపించాలి?

2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మధ్యతరగతికి స్మార్ట్ టౌన్‌షిప్పులంటూ 150, 200, 240 గజాల ప్లాట్లు ప్రకటించింది. మొదటి విడత ఆరు ఊళ్లలో ఏలూరు ఉంది, భీమవరం లేదు. పోనీ ఉన్నచోటైనా, దరఖాస్తుతో పదో వంతు, ఒప్పందమయ్యాక నెలలో 30 శాతం, మిగతాది ఏడాదిలోగా కట్టాలి. ఏడాదిలో ప్లాటు డబ్బంతా కట్టగలిగినవాళ్లకు ప్రభుత్వం సాయం ఎందుకు?

పేరు ఆమెది, నిర్ణయం ఎవరిది?

స్త్రీల పేరున ఇల్లు అనే నిబంధనను మేము తక్కువ చేయడం లేదు. దాని కోసం స్త్రీల ఉద్యమాలు ఏళ్ల తరబడి అడిగాయి. 2015లో వచ్చిన ఆవాస్ యోజనలో పేదల ఇల్లు కుటుంబంలోని స్త్రీ పేరునగాని, ఉమ్మడిగా గాని ఉండాలన్నారు. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో మొదలైన పట్టాల పంపిణీలో 30 లక్షలకు పైగా పట్టాలు స్త్రీల పేరునే అన్నారు. 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం సెంటు స్థలం ఇంటికి చాలదంది. అక్కడితో ఆగలేదు, స్త్రీలకే పట్టాలివ్వడాన్నీ తప్పుబట్టింది. ఆ తీర్పును తర్వాత డివిజన్ బెంచి పక్కన పెట్టింది. చాలీచాలని స్థలమని చెప్పడానికి స్త్రీ పేరును కొట్టేయనక్కర్లేదని మనం అప్పుడే గట్టిగా అనవలసింది.

కాని ఆ పేరుతో ఏం వచ్చిందో చూడాలి. పట్టణంలో ఇచ్చింది సెంటు, అంటే 435 చదరపు అడుగులు. టిడ్కోలో 300, 365, 430 అడుగుల ఫ్లాట్లు. మొదట్లో 365కు 50 వేలు, 430కి లక్ష వాటాగా కట్టమన్నారు. ప్రభుత్వం మారాక వాటా సగం చేశారు, 300 అడుగులది రూపాయికే అన్నారు. 365కు 3.15 లక్షలు, 430కి 3.65 లక్షలు బ్యాంకు అప్పు. ఇల్లు ఆమె పేరున కాబట్టి అప్పూ ఆమె పేరునే. ఇల్లు ఏళ్ల తరబడి చేతికి రాకపోయినా బ్యాంకు నోటీసు మాత్రం వచ్చిందని రాష్ట్రంలో ఎన్నో ఊళ్లలో స్త్రీలు మొరపెట్టుకున్నారు. పార్టీలు గోడల రంగుల కోసం కొట్టుకున్నంత కాలం ఆమె అటు అద్దె, ఇటు వాయిదా రెండూ మోసింది.

పైగా ఈ కాలనీలన్నీ ఊరవతలే. స్థలం చవగ్గా దొరికేది అక్కడే అంటారు. చవక ఎవరికి? తెల్లవారి పిల్లకు బాక్సు కట్టి, ఆటో ఎక్కి ఊళ్లోకి వచ్చి, రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేశాక దీపాల్లేని రోడ్డు మీద తిరిగి వెళ్లవలసిన మనిషికా? ఖజానాకు మిగిలిన డబ్బు ఆమె ఆటో చార్జీల్లోంచి, ఆమె నిద్రలోంచి, ఆమె భయంలోంచి పోతోంది. 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నివాస హక్కు అంటే తలమీద కప్పు మాత్రమే కాదని, గాలీ వెలుతురూ నీరూ పారిశుధ్యంతో పాటు రోజువారీ పనికి వెళ్లే దారి కూడా అందులో భాగమని చెప్పింది. ఆ మాట లేఔట్ గీసేవాళ్లకు ఎవరు చెప్పాలి?

మన వాళ్లు అడిగే ప్రశ్న

ఈ విషయం మా సమావేశంలో పెట్టినప్పుడు కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పారు. “డ్రెయిను గట్టు మీద గుడిసెలే ఉన్నాయి, వాళ్లకే దిక్కులేదు. మనం మధ్యతరగతి కోసం మాట్లాడటమేమిటి?” అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. గట్టు మీది స్త్రీకి ముందు ఇల్లు రావాలి, అందులో రెండో మాట లేదు. కాని పేదల ఇల్లూ మధ్యతరగతి ఇల్లూ రెండు వేర్వేరు ఊళ్లలో లేవు. ఊళ్లో అద్దె అందని గుమాస్తా కుటుంబం శివారు పేటలో వాటా తీసుకుంటుంది. ఆ వాటాలో నిన్నటిదాకా ఉన్న పనిమనిషి ఇంకా అవతలికి పోతుంది. పైన నొక్కితే బరువు కిందివాళ్ల మీదే పడుతుంది.

ఇంకో మాట. గృహహింసకు మధ్యతరగతి, పేద తేడా లేదు. 2005 చట్టం 17వ సెక్షన్ ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు స్త్రీకి ఇచ్చింది. 19వ సెక్షన్ కింద వేరే ఇల్లు చూపించమని, లేదా అద్దె కట్టమని మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చు. ఆర్డరు చేతికొచ్చినా ఇల్లిచ్చే యజమాని ఏడీ? మన దగ్గరికి కౌన్సెలింగుకు వచ్చి, దెబ్బలు చూపించి, చివరికి “ఎక్కడికి పోనండి?” అని అదే ఇంటికి తిరిగి వెళ్లిన స్త్రీలను మనందరం చూశాం. వాళ్లను వెనక్కి పంపింది సర్దుబాటు గుణం కాదు, అద్దె.

ఏం కావాలి?

ఇల్లంటే సొంతమే కావాలన్న ఆలోచన నుంచి ముందు మనం బయటపడాలి. వియన్నాలో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి నుంచి నగరపాలక సంస్థే ఇళ్లు కట్టి అద్దెకు ఇస్తోంది. ఈనాటికీ దాని చేతిలో రెండు లక్షలకు పైగా ఇళ్లున్నాయి, వాటిలో మధ్యతరగతీ ఉంటుంది. 1990లలో ఫ్రావెన్-వెర్క్-స్టాట్ అనే సముదాయాన్ని స్త్రీ ఆర్కిటెక్టులే గీశారు. పిల్లల బడి, ఆట స్థలం, వంటింట్లోంచి కనిపించే ముంగిలి అన్నీ ఉద్యోగం చేసే తల్లి రోజును చూసి పెట్టినవి. ప్రభుత్వ ఇల్లు అంతటా న్యాయంగానే ఉందని కాదు. సింగపూరులో పదిమందిలో ఎనిమిది మంది ప్రభుత్వం కట్టిన ఇళ్లలోనే ఉంటారు, కాని పెళ్లి కాని మనిషి 35 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. అక్కడా “ఆయనేం చేస్తారు?” అన్న ప్రశ్నే, అడిగేది మాత్రం ప్రభుత్వం.

మనకు అనుభవం లేదా? ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో హౌసింగ్ బోర్డు హైదరాబాదులో కూకట్‌పల్లి లాంటి చోట్ల అల్పాదాయ, మధ్యాదాయ వర్గాలకు వేల ఇళ్లు కట్టింది. గుమాస్తాలు, టీచర్లు వాయిదాల మీద ఇంటివాళ్లయ్యారు. ఆ పని వదిలేసి ప్రభుత్వాలు ప్లాట్లు అమ్ముకునే వ్యాపారంలోకి దిగాయి.

కాబట్టి భీమవరం మునిసిపాలిటీని, జిల్లా కలెక్టరును, రాష్ట్ర ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి ఇవి. ఊళ్లో ప్రభుత్వ శాఖల చేతుల్లో ఉన్న స్థలాల జాబితా బయటపెట్టాలి. వాటిలో అమ్మకానికి కాక అద్దెకు ఇళ్లు కట్టాలి. ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది, అందులో ఉద్యోగినుల ప్రస్తావనా ఉంది, దాన్ని వాడుకోవాలి. అద్దె జీతంలో నాలుగో వంతు మించకూడదు. విడిగా ఉంటున్న స్త్రీని విడాకుల డిక్రీ అడక్కుండా, రక్షణాధికారి నివేదిక మీదనో సచివాలయం విచారణ మీదనో వేరే కుటుంబంగా గుర్తించాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటోంది. ఆ రక్షణతో పాటు, పెళ్లయిందా కాలేదా అన్నది చూసి ఇల్లు నిరాకరించడం నేరమని రాష్ట్రం చట్టం చేయాలి. ఇప్పటికే ఇచ్చిన కాలనీలకు చివరి షిఫ్టు దాకా బస్సు, దారి పొడవునా దీపాలు ఉండాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రతి ఎన్నికకూ మన పేరు రాసి ఫోటో తీయించుకునేవాళ్లను, ఆ పేరుకు తగ్గ ఇల్లు ఊళ్లో చూపించమని అడుగుతున్నాం. ప్రతి సంఘమూ తన ఊళ్లో ఒక్క నెలపాటు ఈ లెక్క తీయాలి: మన సభ్యుల్లో అద్దెకు ఎంతమంది ఉన్నారు, జీతంలో ఎంత పోతోంది, ఇల్లు కోసం ఎవరెవరు ఏ అబద్ధం చెప్పవలసి వచ్చింది. ఆ కాగితాలు పట్టుకునే కలెక్టరు గ్రీవెన్సుకు వెళ్దాం. మా టీచరు తన లేని తమ్ముడి కథను మొదటి కాగితంలో రాసి ఇప్పటికే సంతకం పెట్టింది.