వీసా మీద వ్రాసిన వృత్తి

అరబీ చదవగలమన్న కారణంగా వీసా కాగితాలు మా వద్దకు తరచుగా వస్తుంటాయి. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన కుమారునికి సౌదీ వీసా వచ్చిందని తండ్రులు సంతోషంగా తెస్తారు. మేము ముందుగా వృత్తి ఏమని వ్రాసి ఉందో చూస్తాము. 'ముహందిస్ కహ్రబా' అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరు. 'కహ్రబాయీ' అంటే ఎలక్ట్రీషియన్. 'ఆమిల్' అంటే కూలీ. రెండవదో మూడవదో చదివి వినిపించవలసి వచ్చినప్పుడు ఆ తండ్రి ముఖం వైపు చూడటం మాకు కష్టమవుతుంది. ఎలక్ట్రీషియన్ వృత్తిలో చిన్నతనమేమీ లేదు. నోటితో ఒకటి చెప్పి కాగితం మీద మరొకటి వ్రాయడమే మోసం.

'వెళ్లాక మార్చుకోవచ్చు' అన్నది ఏజెంట్ల మాట. సౌదీలో ఇంజనీరుగా పనిచేయాలంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో నమోదు తప్పనిసరి. వృత్తి మార్పునకు అక్కడి యజమాని పూనుకోవాలి. ఇక్కడి ఏజెంటు చేతిలో ఏమీ ఉండదు. పైగా ఐదుగురు, అంతకు మించి ఇంజనీర్లున్న ప్రైవేటు సంస్థల్లో స్వదేశీయుల వాటాను 2024లో 25 శాతానికి పెంచారు. కనుక కొత్తగా పట్టా పుచ్చుకున్నవారికి దారి ఇరుకైంది.

అవకాశాలు లేవని కాదు. అబూదాబీలోని 1,177 మెగావాట్ల నూర్ కేంద్రం వంటి సౌర విద్యుత్ కేంద్రాలకు, సబ్‌స్టేషన్లకు చేయి తిరిగినవారు కావాలి. కర్నూలు సోలార్ పార్కు వంటి చోట రెండు మూడేళ్లు పనిచేసి వెళ్లడం మేలని మా అభిప్రాయం. ఇంకొక సంగతి: మన విద్యుత్తు 50 హెర్ట్జ్, సౌదీది 60. అక్కడి ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఆ తేడా చదువుకొని వెళ్లాలి.

కువైట్ కథ వేరు. 2018లో అక్కడి ఇంజనీర్ల సంఘం ఎన్‌బీఏ గుర్తింపును ప్రమాణంగా తీసుకోవడంతో, ఏళ్ల తరబడి ఇంజనీర్లుగా ఉన్న భారతీయులెందరో చిక్కుల్లో పడ్డారు. ఎన్‌బీఏ గుర్తింపు కళాశాల మొత్తానికి రాదు, బ్రాంచి వారీగా వస్తుంది. అబ్బాయిని చేర్పించే ముందే తల్లిదండ్రులు ఈ విషయం విచారించాలి.

పదవ తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేదు. చదువుకున్నవారికి ఇది సౌకర్యంగా కనిపిస్తుంది. కానీ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం వారి ఒప్పంద పత్రాన్ని పరిశీలించదన్నమాట. ఆ పరిశీలన ఇంట్లోనే జరగాలి: జీతం, వృత్తి, వసతి, తిరుగు టికెట్టు అన్నీ వ్రాతలో ఉన్నాయా? అప్పును వ్రాసుకొమ్మని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తుండగా, కుమారుని భవిష్యత్తును నోటి మాటకు ఎలా అప్పగిస్తాము?

తల్లి నగలు అమ్మే ముందు ఏజెంటు లైసెన్సు సంఖ్యను ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడండి. తెలంగాణ వారు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా సంప్రదించవచ్చు. నమోదిత ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే, ఆ మొత్తానికి రసీదు వ్రాసి ఇమ్మనండి.