బండి అమ్మారు, పేరు?

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా హాస్టల్లో ఎవడైనా "మావాళ్ల ఆర్‌ఎక్స్ అమ్ముతున్నారా" అంటే చాలు, అందరూ అడిగేది రేటే. ఆ సౌండ్‌కి నేనూ ఫ్యానే. కానీ నా లెక్కలో రేటు కన్నా ముందు ఆర్‌సీ సంగతి తేలాలి.

బ్రోకర్ లేకుండా అమ్మేవాళ్లు చాలామంది 29, 30 ఫారాల మీద సంతకాలు గీకేసి, డబ్బు లెక్కపెట్టుకుని తాళం ఇచ్చేస్తారు. మిగతాది కొన్నవాడు చూసుకుంటాడట! ఫోన్ అమ్మేసి లాగౌట్ అవ్వకపోవడం లాంటిదే ఇది. వాడు పేరు మార్చుకోకుండా ఎవరినైనా గుద్దితే? నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది: బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. పరిహారం భారమూ వాళ్లదే.

పాత బండికి ఇంకో చిక్కుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అది చేయించకుండా "కండిషన్ సూపర్" అనడం నా దృష్టిలో మోసమే. ఇంజిన్ మార్చి ఉంటే అదీ ముందే చెప్పాలి.

అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్‌టీవోకి తెలపాలంటోంది చట్టం. పేరు మారేదాకా కొంత డబ్బు ఆపుతానని కొనేవాడంటే అలగక్కర్లేదు, అది అమ్మేవాడికీ మంచిదే. మీ ఇంట్లోంచి అలా వెళ్లిపోయిన బండేదైనా ఉంటే, అదింకా ఎవరి పేరు మీదుందో ఈ వారమే కనుక్కోండి.