పాట జనపదానిది సరే, గొంతు ఎవరిది?

జానపదం అనే మాటను మనం చాలా ప్రేమగా వాడతాం. ఆ ప్రేమ వెనక ఒక అన్యాయం దాగి ఉందని నా అభిప్రాయం. జానపదం అంటే జనం పాట. జనం పాట అంటే అందరిదీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. ఈ నాలుగు మెట్లు దిగేసరికి, బురద మడిలో నడుం వంచి నాటు వేస్తూ ఆ పాటను కాపాడుకొచ్చిన స్త్రీ పాటలోంచే మాయమైపోతుంది.

బతుకమ్మ పండుగ రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి చూడండి. ప్రతి కాలనీ మూల మీదా స్పీకర్లు, వాటిలో జానపదాలే. ఆ కాలనీల ఇళ్లలో అంట్లు తోమే, అపార్ట్‌మెంట్ల మెట్లు కడిగే స్త్రీలలో చాలామంది నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. స్పీకర్లో మోగుతున్న వరుసలు వాళ్లకు కొత్తవి కావు. అమ్మ దగ్గరో, అత్త దగ్గరో, కూలికి పోయిన గుంపులోనో నేర్చుకున్నవే. పల్లెలో ఆ పాట వాళ్ల నోట ఉండేది. నగరంలో వాళ్లు దాన్ని వింటూ పనిచేస్తారు. క్యాసెట్ల కాలంలోనూ ఇంతే. దిల్‌సుఖ్‌నగర్ కొట్లలో అమ్మిన జానపద క్యాసెట్ల అట్టల మీద సేకరించినవారి పేరు, సంగీతం కూర్చినవారి పేరు కనబడేవి. పాట నేర్పిన ముసలమ్మ పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

2021లో ఈ ప్రశ్న బహిరంగంగా ముందుకొచ్చింది. శేఖర్ కమ్ముల తీసిన ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట విడుదలై కోట్లమందికి చేరింది. సుద్దాల అశోక్ తేజ రాయగా, పవన్ సంగీతం కూర్చగా, మంగ్లీ పాడారు. అప్పుడు వరంగల్ ప్రాంతపు గాయని కోమలి, ఆ జానపదాన్ని తాను వెలుగులోకి తెచ్చాననీ, టీవీలో ‘రేలా రె రేలా’ కార్యక్రమంలో పాడాననీ, సినిమాకు తీసుకున్నప్పుడు తన ఊసే లేదనీ అడిగింది. పల్లవి జనంలో ఉన్నదే, మిగతాది తన రచన అన్నది కవి వివరణ. చివరకు ఆమెకు గుర్తింపూ పారితోషికమూ ఇస్తామని దర్శకుడు బహిరంగంగా చెప్పారు.

ఇందులో ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అని తేల్చడం నా ఉద్దేశం కాదు. పాడినది స్త్రీ, అడిగినది స్త్రీ. ఇద్దరూ కష్టపడి పైకొచ్చిన గాయనులే. మనం చూడవలసినది ఇంకొకటి. కోమలికి దక్కుతుందన్నది ఒక దర్శకుడి మంచితనం వల్ల దక్కేది. హక్కుగా దక్కేది కాదు. గట్టిగా అడిగే ధైర్యం, వినిపించే టీవీ చానళ్లు ఉన్నాయి కనుక ఆమె గొడవ మనదాకా వచ్చింది. అవి లేని స్త్రీల మాటేమిటి?

చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం రచయితను గుర్తిస్తుంది. బతికినన్నాళ్లూ, చనిపోయాక మరో 60 ఏళ్లూ రచనపై హక్కు ఉంటుంది. జానపదానికి రచయిత పేరు తెలియదు కనుక ఆ తలుపు మూసుకుపోయింది. అదే జానపదానికి నాలుగు కొత్త చరణాలు రాసినవారికి ఆ చరణాల మీద హక్కు వస్తుంది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణతో గాయకులకు రాయల్టీలో వాటా, ఫలానావారు పాడారని పేరు చెప్పించుకునే హక్కు చేరాయి. ఇవి మంచివే. అయితే ఈ హక్కు ఆమె పాడిన ఆ ఒక్క ప్రదర్శనకే పరిమితం. అదే పాటను ఇంకొకరి చేత పాడించుకుంటే ఆమెకు రావలసింది ఏమీ లేదు.

అంతర్జాతీయంగానూ ఇదే తంతు. జానపద కళారూపాల రక్షణకు యునెస్కో, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ కలిసి 1982లోనే నమూనా నిబంధనలు తయారుచేశాయి. 2000లో ఆ సంస్థ ఇందుకోసం ప్రత్యేక కమిటీ వేసింది. 2024 మేలో జన్యు వనరులకు, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానానికి ఒప్పందం కుదిరింది. పాట ఆ ఒప్పందంలో లేదు.

చట్టానికన్నా ముందే పండితులు ఈ అలవాటు చేశారు. బిరుదురాజు రామరాజు వంటివారు ఊరూరా తిరిగి చేసిన కృషి లేకపోతే వేల పాటలు మట్టిలో కలిసిపోయేవి. ఆ రుణం తీరేది కాదు. కానీ మన పాటల సంకలనాలలో సేకర్త పేరు అట్ట మీద ఉంటుంది, పాడిన స్త్రీ పేరు లోపల కూడా అరుదు. ఇందులో కులం పాత్ర కూడా ఉంది. బ్రాహ్మణ స్త్రీల రామాయణ పాటలు ప్రత్యేక దృక్పథం ఉన్న సాహిత్యమని 1991లో వెల్చేరు నారాయణరావు చూపించారు. దళిత, బహుజన స్త్రీల పనిపాటలకు వచ్చేసరికి అవి ఇప్పటికీ ఎవరో వచ్చి మెరుగుపెట్టవలసిన ముడిసరుకుగానే కనబడుతున్నాయి.

ఇలాగే జరగాలని లేదు. స్కాట్లాండ్‌లో అబర్దీన్ పట్టణానికి చెందిన జీనీ రాబర్ట్‌సన్ సంచార కుటుంబాల స్త్రీ. తల్లి దగ్గర నేర్చుకున్న పాటలు ఆమెకు లెక్కకు మించి వచ్చు. 1953లో హేమిష్ హెండర్సన్ అనే సేకర్త ఆమె ఇంటికి వెళ్లి ఆ పాటలు రికార్డు చేశాడు. అవి ఆమె పేరుతోనే ఎడింబరో విశ్వవిద్యాలయంలో భద్రమయ్యాయి, ఆమె పేరుతోనే ఆల్బములు వచ్చాయి. 1968లో ఆమెకు ప్రభుత్వ పురస్కారం లభించింది. పాటలు పాతవే, వాటికి రచయితలెవరో తెలియదు. అయినా ఆ పాట ఎవరు పాడినా ఇది జీనీ దగ్గర విన్న వరుస అని చెప్పుకోవడం అక్కడ మర్యాద అయింది. అజ్ఞాత రచన కావడం వల్ల గాయని కూడా అజ్ఞాతంగా ఉండనక్కరలేదు.

మన దగ్గర గాయని జీవితం ఎలా ఉంది? అరవై దాటాక కనకవ్వ గొంతు యూట్యూబ్ ద్వారా ఇంటింటికీ తెలిసింది. సంతోషమే. కానీ ఒక స్త్రీ పాటకు గుర్తింపు రావడానికి ఆమె జీవితంలోని కష్టం చేసే వయసంతా గడిచిపోవాలా? భువనగిరి నూలుమిల్లు కార్మికురాలు బెల్లి లలిత తెలంగాణ కోసం సభలలో పాడింది. 1999 మేలో ఆమెను చంపారు. ఆమె శరీరాన్ని ఎన్ని ముక్కలు చేశారో చాలామందికి గుర్తు. ఏయే పాటలు పాడిందో ఎంతమంది చెప్పగలరు? తెలంగాణ ఉద్యమమంతా స్త్రీల ఉయ్యాల వరుసల మీద, కోలాటపు నడకల మీద నడిచింది. పాట పాడటం ప్రభుత్వ కొలువు కాగలదని రాష్ట్రం వచ్చాక ఏర్పడిన సాంస్కృతిక సారథి చూపింది. ఆ వరుసలను పొలాల్లో బతికించినవారికి మాత్రం ఏ జాబితాలోనూ చోటు లేదు.

పాటకు కంచె వేస్తే పాట చచ్చిపోతుందని కొందరు మిత్రులు అంటారు. నిజమే. ఒకే పాటను పది ఊళ్లలో పదిమంది పాడతారు, ఎవరిది అసలు అని తేల్చలేం అని కూడా అంటారు. అదీ నిజమే. అందుకే నేను యాజమాన్యం అడగడం లేదు. బోరింగు దగ్గర, బతుకమ్మ చుట్టూ, సంఘం మీటింగులో పాట చేతులు మారుతూనే ఉండాలి. డబ్బు పుట్టేచోట మాత్రం ఆమె పేరూ, ఆమె కూలీ ఉండాలి. మగవాడి రచన కష్టం అయినప్పుడు స్త్రీ జ్ఞాపకం కష్టం ఎందుకు కాదు? ఇంటిపనికి విలువ కట్టాలని ఇన్నేళ్లుగా కొట్లాడిన మనకు ఈ తర్కం కొత్తది కాదు.

ఈ పని సంఘాలతోనే మొదలు కావాలి. శిక్షణా తరగతుల్లో స్త్రీలు పాడే పాటలను రికార్డు చేసేటప్పుడు వారి అనుమతి తీసుకోవాలి. పాటల పుస్తకాలలో ‘జానపదం’ అని రాసి వదిలేయకుండా, ఆమెకు ఇష్టమైతే, పాడినామె పేరూ ఊరూ వేయాలి. వేదిక మీద పాడినందుకు చీరతో, శాలువాతో సరిపెట్టకుండా ఉపన్యాసకులకు ఇచ్చినట్టే డబ్బు ఇవ్వాలి. సినిమావాళ్లు, చానళ్లవాళ్లు పాట కోసం వస్తే, పాడే అవకాశం మొదట ఆమెకే ఇవ్వాలనీ, రాబడిలో వాటా ఉండాలనీ రాతపూర్వకంగా అడిగేందుకు మన న్యాయ సహాయ బృందాలు తోడు నిలవాలి. పాట నేర్పిన సమూహానికి కూడా వాటా వచ్చేలా చట్టం మార్చమని అడగాలి.

పొలం పట్టా మీద స్త్రీ పేరు ఉండాలని మనం పోరాడుతున్నాం. ఆ పొలంలో ఆమె పాడిన పాట మీద కూడా ఆమె పేరు ఉండాలి.